కొండదారికి చిన్న గేరే దిక్కు

అరకు వెళ్లినవాళ్లు కాఫీ గురించి చెబుతారు. రైలు సొరంగాల గురించి చెబుతారు. బొంగు చికెన్ గురించి అయితే ఇక చెప్పనక్కర్లేదు. కానీ తారు రోడ్డు అయిపోయిన చోట నుంచి వాళ్లని జలపాతం దాకా మోసుకెళ్లిన జీపు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. దాని కథ చెప్పాలంటే డ్రైవర్ ఎడమచేతి దగ్గరున్న రెండు రాడ్లతో మొదలుపెట్టాలి.

బొర్రా గుహలు చూసి బయటికొస్తే చాలు... వరసగా జీపులు కనిపిస్తాయి. రంగు వెలిసిన టాపు, వెనకాల ఎదురెదురుగా రెండు బెంచీలు, పక్కన వేలాడే తాడు. కటికి జలపాతానికి వెళ్లాలంటే అవే గతి. కాసేపు బేరం. పిల్లలు వెనక ఎక్కుతారు. నాన్న ముందు సీట్లో. అమ్మ చేతిలో చిప్స్ ప్యాకెట్లు. కొంతదూరం హాయిగానే సాగుతుంది ప్రయాణం. ఆ తర్వాత తారు అయిపోతుంది. ఎర్రమట్టి, గుండ్రాళ్లు, వాన నీళ్లు కోసేసిన గాళ్లు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ.

అక్కడ డ్రైవర్ బండిని ఒక్క క్షణం ఆపుతాడు. రోజూ వాడే పెద్ద గేరు రాడ్డు వదిలేసి, దాని పక్కనే ఉన్న చిన్న రాడ్డు పట్టుకుని లాగుతాడు. కడక్‌మని చప్పుడు. ఇంజన్ గొంతు మారిపోతుంది. అప్పటిదాకా పరిగెత్తిన జీపు, మనిషి నడక కంటే నెమ్మదిగా పాకడం మొదలుపెడుతుంది. వెనక కూర్చున్న పిల్లలకు కాస్త నిరాశే. ఇంకాస్త స్పీడుగా పోవచ్చు కదా అనిపిస్తుంది.

పోవచ్చు. కానీ ఆ దారిలో స్పీడుగా పోవడానికి పెద్దగా ఖర్చు లేదు. నెమ్మదిగా పోవడానికే బోలెడు ఖర్చు! ఈ కొండల్లో జీపు నడిపేవాళ్లు ఏళ్ల తరబడి లెక్కలేసుకునేది, అప్పు చేసేది, షెడ్డు చుట్టూ తిరిగేది ఆ నెమ్మది కోసమే.

రెండో రాడ్డు ఎందుకు?

సైకిల్ తొక్కినవాళ్లకు ఈ కథ సులువుగా అర్థమవుతుంది. గేర్ల సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు ఎక్కువసార్లు తిప్పుతాం, చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. వేగం పోతుంది, బలం వస్తుంది. జీపులో ఆ పని గేర్‌బాక్సు చేస్తుంది. అయితే కొండదారికి ఆ ఒక్కటీ చాలదు. అందుకే గేర్‌బాక్సు వెనకాల ఇంకో పెట్టె ఉంటుంది. అదే ట్రాన్స్‌ఫర్ కేసు.

దాని పనులు రెండు. ఒకటి, వెనక చక్రాలకు మాత్రమే వెళ్లే ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ పంచడం. రెండు, 'లో'లో వేసినప్పుడు మొత్తం వేగాన్ని తగ్గించి, అదే లెక్కన చక్రాల బలాన్ని పెంచడం. మామూలు జీపుల్లో ఇది సుమారు రెండున్నర రెట్లు.

ఈ రెండున్నర వెనకా ఓ కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ సైనిక జీపులో ఈ నిష్పత్తి దాదాపు రెండే. యుద్ధం ముగిశాక 1945లో అదే జీపును అమెరికా రైతులకు అమ్మాలనుకుంది కంపెనీ. నాగలి లాగాలంటే యుద్ధం కన్నా నెమ్మదిగా నడవాలి. అందుకని 'లో' గేరును రెండున్నర దాకా తెచ్చారు. 1940ల చివర్లో అప్పటి బొంబాయిలో మహీంద్రా సంస్థ బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుల వంశం ఇదే. అమెరికా రైతు పొలం కోసం వేసిన లెక్క, తిరిగి తిరిగి తూర్పు కనుమల్లో జనాన్ని మోస్తోందన్నమాట.

నడక కన్నా నెమ్మది

ఓ చిన్న లెక్క చూద్దాం. ఒక జీపులో మొదటి గేరు నిష్పత్తి నాలుగు, ఇరుసులోని పళ్లచక్రాల నిష్పత్తి కూడా నాలుగు అనుకుందాం. రెండూ గుణిస్తే పదహారు. అంటే ఇంజన్ పదహారుసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా, నిమిషానికి 800 సార్లు తిరిగే ఇంజన్‌తో ఆ జీపు గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. మనిషి చకచకా నడిస్తే ఎంతో, అంతకన్నా కాస్త ఎక్కువ.

తారు రోడ్డు మీద ఇది చాలా నెమ్మది. మోకాలెత్తు బండరాళ్ల మధ్య మాత్రం చాలా ఎక్కువ. మరి అంతకన్నా నెమ్మదిగా పోవాలంటే? క్లచ్ సగం తొక్కి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే క్లచ్ ప్లేటు కాలుతుంది. ఆ మాడు వాసన తెలియని కొండ డ్రైవర్ ఉండడు.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసును 'లో'లో వేద్దాం. పదహారును రెండున్నరతో గుణిస్తే నలభై. అదే ఇంజన్, అదే 800 తిరుగుళ్లు... వేగం మాత్రం గంటకు 2.6 కిలోమీటర్లకు దిగిపోతుంది. క్లచ్ మీద కాలు అక్కర్లేదు. ముందు చక్రం రాయి ఎక్కి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగుతుంది. ఆపైన వెనక చక్రం. కూర్చున్నవాళ్లు ఎగిరి టాపుకు కొట్టుకోరు.

ఎక్కడం కాదు... దిగడమే!

మైదానం నుంచి వెళ్లినవాళ్లు కొండను చూసి అడిగే మొదటి ప్రశ్న ‘బండి ఎక్కుతుందా?’ అని. కొండ మీద పుట్టినవాళ్ల అనుమానం వేరు. దిగుతుందా?

శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు డముకు, అనంతగిరి మీదుగా అరకు చేరుతుంది. మొత్తం తారే. ఏ కారైనా ఎక్కుతుంది. దిగేటప్పుడే దాని అసలు రూపం తెలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ పర్యాటకులతో అరకు నుంచి తిరిగొస్తున్న బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఈ ఘాట్‌లో దిగుడు ఎంత జాగ్రత్తగా దిగాలో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పెద్ద గేరులో బ్రేకు మీదే ఆధారపడి దిగితే, కొంతసేపటికి బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతాయి. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. తారు దారిలో ఇందుకు రెండో గేరో మూడో గేరో సరిపోతుంది. తారు లేని నిట్ట దిగుడులో, తడిసిన ఎర్రమట్టి మీద, అది కూడా చాలదు. అక్కడ బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం ఆగిపోతుంది, జీపు మాత్రం ఆగదు. జారుతూ పోతుంది. 'లో' గేరులో అయితే నాలుగు చక్రాలూ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటాయి. తిరిగే చక్రం మట్టిని పట్టుకుంటుంది. స్టీరింగు మాట వింటుంది.

అందుకే గేర్‌బాక్సు మార్చాలనుకునే జీపు యజమాని ముందుగా తేల్చుకోవాల్సింది ఎంత ఎత్తు ఎక్కాలన్నది కాదు. బ్రేకు తొక్కకుండా ఎంత నెమ్మదిగా దిగాలన్నది.

నాలుగా? ఐదా?

ఈ కొండల్లో తిరిగే పాత జీపుల్లో ఎక్కువ భాగం మహీంద్రావే. ఒకప్పటి ఎంఎం 540 సంగతే చూడండి. 2.1 లీటర్ల పెజో డీజిల్ ఇంజన్, 62 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. బరువైన గేర్‌బాక్సు, మొండి గేర్‌బాక్సు. ఏళ్ల తరబడి మోశాక మాత్రం బేరింగులు అరుస్తాయి, గేరు వేస్తే దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. దిగుడులో గేరు ఊడటమంటే మాటలు కాదు. అప్పుడు యజమాని ముందు మూడు దారులుంటాయి.

మొదటిది, ఉన్న గేర్‌బాక్సునే విప్పి కొత్త బేరింగులు, సింక్రో రింగులు, అరిగిన పళ్లచక్రాలు మార్పించడం. చవక. పాత బండి పాతగానే ఉంటుంది, కానీ నమ్మకంగా ఉంటుంది.

రెండోది, తర్వాతి తరం మహీంద్రా బండ్లలో వచ్చిన ఐదు గేర్ల గేర్‌బాక్సు బిగించడం. ఐదో గేరులో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి విశాఖపట్నం దాకా వెళ్లొస్తే డీజిల్ మిగులుతుంది, చెవులు హోరెత్తవు. అయితే ఒక చిక్కుంది. ఐదో గేరు మైదానానికి పనికొస్తుంది, కొండకు కాదు. కొండకు కావాల్సింది ఒకటో గేరు. కొత్త గేర్‌బాక్సు ఒకటో గేరు నిష్పత్తి పాతదాని కంటే తక్కువైతే, డబ్బు పెట్టి మరీ కొండమీద వేగం పెంచుకున్నట్టే. కొనేటప్పుడు చివరి గేరు కాదు, మొదటి గేరు చూడాలి.

ఇంకో చిక్కు కొలతలది. ఐదు గేర్ల పెట్టె సాధారణంగా పొడవు ఎక్కువ. అది వెనక్కి జరిగితే ట్రాన్స్‌ఫర్ కేసూ వెనక్కి జరుగుతుంది. వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును కత్తిరించాలి, ముందుదాన్ని పొడిగించాలి. అసలే పొట్టి జీపు. వెనక షాఫ్టు ఇంకా పొట్టిదైతే ఏటవాలు పెరుగుతుంది, క్రాస్ జాయింట్లు తొందరగా అరిగిపోతాయి. గేర్‌బాక్సును మోసే అడ్డకమ్మీ కూడా జరపాలి. ఈ లేతు పని, వెల్డింగు పని లెక్కలో వేసుకోనివాళ్లు గేర్‌బాక్సు ధర చూసి మురిసిపోయి, షెడ్డు బిల్లు చూసి కూలబడతారు.

మూడో దారి మరీ ఖరీదు. గేర్‌బాక్సుతో పాటు ఇంజనూ మార్చడం. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌లో సీఆర్‌డీఈ ఇంజన్ బలం 105 హార్స్‌పవర్. అలాంటి ఇంజన్‌ను తెచ్చి 62 హార్స్‌పవర్ కోసం తయారైన పాత గేర్‌బాక్సుకు తగిలిస్తే ఏమవుతుంది? కొన్నాళ్లు సంబరం. ఆపైన పళ్లు రాలిన చక్రాలు. ఇంజన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఒక జట్టుగా ఉండాలి. అందుకే అనుభవమున్న మెకానిక్‌లు గేర్‌బాక్సును, దానితో పాటు వచ్చిన ట్రాన్స్‌ఫర్ కేసును విడదీయకుండా తెచ్చుకోమంటారు.

బలం పెరిగితే విరిగేదెక్కడ?

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో రుబికాన్ ట్రెయిల్ అనే బండరాళ్ల దారి ఉంది. సరదా కోసం జీపులేసుకుని వెళ్తారు. ఆ దారి పేరుతోనే జీప్ కంపెనీ ఒక మోడల్ తెచ్చింది. అందులో ట్రాన్స్‌ఫర్ కేసు 'లో' నిష్పత్తి ఏకంగా నాలుగు. మన లెక్కలో వేసి చూస్తే నలభై కాస్తా అరవై నాలుగవుతుంది. అంటే గంటకు 1.6 కిలోమీటర్లు!

మరి అరకు జీపులకూ అలాంటివే బిగిస్తే పోలా? వేగం తగ్గినప్పుడు బలం ఊరికే మాయం కాదు, చక్రాల వైపు వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు తర్వాత ఉండే షాఫ్టులు, క్రాస్ జాయింట్లు, ఇరుసు పళ్లచక్రాలు, ఆ కొత్త బలాన్ని మోయాలి. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడా... గొలుసులో బలహీనమైన లంకె ఏదో అది టప్పున విరుగుతుంది. సరదాకి వెళ్లినవాడికి వెనకాల ఇంకో బండి ఉంటుంది, సామాన్లుంటాయి. ఊరి జీపుకు ఏముంటుంది? లోయ, చీకటి, వాన.

టైర్ల దగ్గరా ఇదే తప్పు జరుగుతుంది. చూడ్డానికి గంభీరంగా ఉంటాయని పెద్ద టైర్లు వేయిస్తారు. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. అంటే గేర్ల దగ్గర వేలు పోసి కొనుక్కున్న నెమ్మదిని టైర్ల దగ్గర పోగొట్టుకున్నట్టే.

ఇక రెండు చక్రాలతో నడిచే జీపును నాలుగు చక్రాల జీపుగా మార్చాలన్న ఆలోచన కూడా కొందరికి వస్తుంది. దానికి ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్కటే చాలదు. ముందు ఇరుసు మొత్తం మార్చాలి, రెండో షాఫ్టు వేయాలి. ఆ డబ్బుకు కంపెనీ నుంచే నాలుగు చక్రాల బలంతో వచ్చిన పాత బండి వెతుక్కోవడం మేలు. పైగా చట్టం ఒకటుంది. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. రవాణా శాఖ అనుమతి లేకుండా మార్పులు చేస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర ఇబ్బంది తప్పదు.

షెడ్డు ఎంత దూరం?

కొండ మీద విడిభాగం ఎంత గొప్పదన్నది రెండో ప్రశ్న. ఎక్కడ దొరుకుతుందన్నది మొదటి ప్రశ్న. బండి రెండ్రోజులు నిలిచిపోతే రెండ్రోజుల కిరాయి పోతుంది. అదీ పర్యాటకుల రద్దీ ఉండే నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో... వలిసె పూలు పసుపు దుప్పటి పరిచి, జనం బారులు తీరే రోజుల్లో. ఏడాది వాయిదాలు కట్టుకునేది ఆ నాలుగు డబ్బులతోనే. కాబట్టి విశాఖపట్నంలో సులువుగా దొరికే విడిభాగాలున్న గేర్‌బాక్సే ఈ కొండలకు మంచి గేర్‌బాక్సు. బయటి నుంచి తెప్పించిన ఖరీదైన పెట్టె ఎంత గొప్పదైనా, ఒక్క ఆయిల్ సీలు కోసం నెలరోజులు పడిగాపులు కాయాల్సొస్తే ఏం లాభం?

నూనె సంగతీ అంతే. గెడ్డలు దాటేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసులోకి నీళ్లు చేరే ప్రమాదముంది. నీళ్లు కలిసిన గేరు ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారిపోతుంది. అరకులో కాఫీ ఎంత బాగున్నా, గేర్‌బాక్సులో మాత్రం కనిపించకూడదు! వానాకాలంలో నెలకోసారి ప్లగ్గు విప్పి చూసుకుంటే వేల రూపాయల పళ్లచక్రాలు బతుకుతాయి.

బరువు మనుషులది

పర్యాటకులు లేని రోజు ఈ జీపులు ఊరికే ఉండవు. వారపు సంతకు చింతపండు, పసుపు, మిరియాలు, కాఫీ గింజల బస్తాలు మోస్తాయి. బస్తాల మీద మనుషులు, వెనక పట్టుకుని వేలాడుతూ ఇంకొందరు. అంతమంది ఎక్కడం తప్పే. కానీ ఆ జీపు తప్పితే ఇంకో బండి రాని ఊళ్లున్నాయి.

అలాంటి ఊళ్లో రాత్రిపూట నొప్పులు మొదలైతే? 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి. అవి రోడ్డున్నంత వరకే రాగలవు. 2018లో గిరిజన ప్రాంతాల కోసం బైకు అంబులెన్సులు కూడా తెచ్చారు. అయినా పాడేరు, అరకు మన్యంలో డోలీ మోతల వార్తలు పత్రికల్లో ఆగలేదు. కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, భుజాల మీద కిలోమీటర్ల కొద్దీ నడవడం. డోలీకీ అంబులెన్సుకూ మధ్య ఉన్న ఆ దారిలో వెళ్లగలిగేది చిన్న గేరున్న జీపే. గర్భిణిని పడుకోబెట్టి రాళ్ల మీద దించాల్సినప్పుడు గంటకు ఆరున్నర కిలోమీటర్లకీ, రెండున్నర కిలోమీటర్లకీ ఉన్న తేడా ఎంతో ఆ తల్లికి తెలుస్తుంది. గేర్‌బాక్సు ఎంపిక అనేది షెడ్డులో కూర్చుని మాట్లాడుకునే ఇనుప ముచ్చటే. కానీ దాని బరువు మోసేది మనుషులు.

ఇప్పుడిప్పుడే రోజులు మారుతున్నాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాల రోడ్ల పనులకు శంకుస్థాపన జరిగింది. తారు ఒక్కో ఊరికీ చేరుతున్నకొద్దీ చిన్న రాడ్డుతో పని తగ్గుతుంది. జీపు స్థానంలోకి ఆటోలు వస్తాయి, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది. అలా రావాలనే అందరూ కోరుకునేది, జీపులవాళ్లతో సహా.

అయితే వాడని ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది. అందుకే పని లేకపోయినా నెలకోసారైనా మట్టిదారిలో దాన్ని వేసి, నాలుగడుగులు నడిపించమని మెకానిక్‌లు చెబుతారు. రోడ్డొచ్చిన ఊరి జీపుకూ ఈ మాట వర్తిస్తుంది. మొదటి పెద్ద వానకి ఏ మలుపులో రోడ్డు కొట్టుకుపోతుందో కొండకే తెలుసు. ఆ రాత్రి ఎవరి ఇంటి తలుపు తడతారో ఊరికి తెలుసు.

సొంత బండిలో వెళ్తున్నారా?

* థార్ కదా, ఎక్కడికైనా పోతుంది అనుకోవద్దు. 2023 జనవరి నుంచి అందులో వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకం కూడా వచ్చింది. దానికి 'లో' గేరు ఉండదు. చిన్న రాడ్డు ఉందో లేదో చూసుకున్నాకే మట్టిదారి పట్టండి.

* పొడి తారు రోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేయొద్దు. మలుపులో ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు. ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

* 'లో'లోకి మార్చేముందు బండిని పూర్తిగా ఆపండి. రాళ్ల మధ్యకు వెళ్లాక కాదు, వెళ్లకముందే వేయండి.

* పాత జీపుల్లో ముందు చక్రాల హబ్బులకు తాళాలుంటే అవి బిగించారో లేదో దిగి చూసుకోండి. అవి వదులుగా ఉంటే రాడ్డు లాగినా ముందు చక్రాలకు బలం రాదు.

* దిగేటప్పుడు న్యూట్రల్ మాటే వద్దు. డీజిల్ ఆదా అవుతుందని ఎవరు చెప్పినా వినొద్దు.

* అనుమానంగా ఉంటే బండిని పైనే ఆపి స్థానిక జీపు ఎక్కండి. ఆ దారి ఆ డ్రైవర్‌కు రాయి రాయీ తెలుసు.